తెరవబడిన తూము

నా ఉద్యోగమంతా "బడు" అనే రెండక్షరాలతో తగువు పెట్టుకోవడంతోనే గడిచిపోయింది. నవ్వకండి. పుస్తకాల పనిలోకి కొత్తగా వచ్చే మీలాంటి పిల్లలు "మీరేం చేసేవారు మేడం?" అని అడిగితే నేను చెప్పే జవాబు ఇదే. కాలేజీల్లో పాఠాలు చెప్పే పెద్ద చదువుల వాళ్లు మామూలు మనుషుల కోసం పుస్తకం రాస్తామని వచ్చేవారు. వాళ్ల రాతను మామూలు మనుషులు చదవగలిగేలా చేయడం నా పని. వాళ్లేమో "పరిశీలించబడినది", "గుర్తించబడినది" అని రాసుకొచ్చేవారు. "అభిప్రాయపడబడినది" అని రాసిన మహానుభావుణ్ణి కూడా చూశాను. ఆయన తర్వాత చాలా పెద్ద పదవిలోకి వెళ్లారు.

అలాంటి ప్రతి మాట పక్కనా ఎర్ర పెన్నుతో "ఎవరు?" అని రాసేదాన్ని. ఎవరు పరిశీలించారు? ఎవరు గుర్తించారు? మనుషులు చేసిన పనిని మనుషుల పేరు లేకుండా చెప్పడం నాకు మొదట్నించీ గిట్టదు. "అన్నం వండబడింది, రండి" అని పిలిచే ఇల్లాలు నాకు బందరులో గానీ గుడివాడలో గానీ ఎక్కడా తగల్లేదు. అయినా పీహెచ్‌డీ చేతికి రాగానే అందరికీ ఇదే భాష ఎలా వస్తుందో తెలియదు. ఇంగ్లీషులో ఆలోచించి తెలుగులో రాయడం వల్ల వస్తుందని నా అనుమానం. ఇప్పుడైతే ఫోనుని అడిగినా అదీ "బడు"లతోనే రాసిపెడుతోంది.

విజయవాడలో ఒక ప్రచురణ సంస్థలో చాలా ఏళ్లు పనిచేసి, చివరి ఏళ్లలో బందరులో మా ఇంటి ముందుగదిలో కూర్చుని అదే సంస్థకు పుస్తకాలు సిద్ధం చేసి పంపేదాన్ని. నాకు డీటీపీ చేసిపెట్టే ఆయనది పెడన. మగ్గాల ఇంట్లో పుట్టి కంప్యూటరు పట్టారు. నేను కొట్టేసిన మాటలన్నీ తెరమీద చెరిపేస్తూ, "మేడం, మీరు తీయించిన బడులన్నీ దాచుంటే ఒక బడి కట్టేవాళ్లం" అనేవారు. ఈ జోకు ప్రతి పుస్తకానికీ వేసేవారు. నేను ప్రతిసారీ నవ్వేదాన్ని, ఎందుకంటే ఆయనంత తప్పుల్లేకుండా టైపు చేసేవాళ్లు బందరులో ఇంకెవరూ లేరు.

నేను చెప్పబోయే పుస్తకం రాసినాయన గుడివాడలో ఒక కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేవారు. మాస్టారు అందాం. అప్పటికే యాభై దాటాయి. మనిషి నెమ్మది, చొక్కా ఎప్పుడూ ఇస్త్రీ. కాలువ నీళ్లు పొలాలకు ఎలా పంచుతారన్న విషయం మీద ఇంగ్లీషులో పరిశోధన చేశారు. కాలువ మొదట్లో పొలాలున్నవాళ్లకు నీళ్లు ముందు అందుతాయి. చివర్న, అంటే శివారున ఉన్నవాళ్లకు మిగిలితే అందుతాయి. ఆయన పరిశోధనంతా ఈ రెండు ముక్కల గురించే, కానీ ఆ రెండు ముక్కలు అందులో ఎక్కడా దొరకవు.

"ఎవరు చదవాలి మాస్టారూ ఈ పుస్తకం?" అని మొదటిరోజే అడిగాను. అందర్నీ అదే అడుగుతాను. చాలామంది "విద్యార్థులు, పరిశోధకులు, విధాన నిర్ణేతలు" అని మొదలుపెడతారు.

"మా ఊళ్లో చదవాలండి. దివిసీమ చివర్న మాది. మా ఊళ్లో చదివితే చాలు."

ఆ జవాబు నాకు నచ్చింది. అందుకే పని ఒప్పుకున్నాను.

నాకొక పద్ధతి ఉండేది. గుడివాడ నుంచి వచ్చే రచయితలందరికీ ఒక హోంవర్కు ఇచ్చేదాన్ని. బందరు పాసింజరు ఎక్కాక పక్క సీట్లో ఎవరుంటే వాళ్లకు అధ్యాయం కథలా చెప్పాలి. పెడన వచ్చేదాకా వాళ్లు వింటే అధ్యాయం పాసు. మాస్టారు మొదటిసారి చెప్పబోతే పక్కాయన గుడ్లవల్లేరులోనే లేచి వేరే పెట్టెలోకి మారిపోయారట. పాపం మాస్టారు ఆ సంగతి కూడా "శ్రోత యొక్క ఆసక్తి కోల్పోబడినది" అన్నంత గంభీరంగా నాకు చెప్పారు. నేను నవ్వితే ముందు నొచ్చుకుని, తర్వాత ఆయనా నవ్వారు.

రెండు మూడు నెలలకు దారిలో పడ్డారు. ఒక ఆదివారం వచ్చి, పెడనలో దిగాల్సిన ఒకావిడ కథ చివర ఏమైందో చెప్పమని బండి కదిలేదాకా మెట్ల మీదే నిలబడ్డారని సంబరంగా చెప్పారు. ఆ అధ్యాయంలో నేను ఒక్క కామా కూడా మార్చలేదు. పిల్లలూ, రచయిత బాగా రాస్తున్నప్పుడు పెన్ను మూసేయడం కూడా మన ఉద్యోగంలో భాగమే. ఇది నేర్చుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

అలా సాఫీగా సాగుతున్న పని నాలుగో అధ్యాయం దగ్గర ఆగింది.

అది ఒక కరువు ఏడాది సంగతి. మాస్టారు చిన్నపిల్లాడిగా ఉన్నప్పటిది. కాలువలో నీళ్లు చాలక వంతులు పెట్టారు. ఆ వారం వంతు ఎగువ పొలాలది. శివారున వరి పొట్ట మీద ఉంది, ఇంకో నాలుగు రోజులు నీళ్లు లేకపోతే ఈనకుండానే ఎండిపోతుంది. అక్కడిదాకా చక్కగా రాశారు. చదువుతుంటే నాకే గొంతెండింది. ఆ తర్వాతి వాక్యం ఇది: "శివారు తూము అనధికారికంగా తెరవబడినది."

పక్కన "ఎవరు?" అని రాశాను. వారం తర్వాత అధ్యాయం తిరిగొచ్చింది. మిగతావన్నీ సరిదిద్దారు, ఆ వాక్యం అలాగే ఉంది. మళ్లీ రాశాను. ఈసారి "సంబంధిత సిబ్బందిచే తెరవబడినది" అని వచ్చింది. నాకు ఒళ్లు మండింది.

"సంబంధిత సిబ్బంది అంటే ఎవరు మాస్టారూ?"

"లస్కరండి."

కాలువ గట్టు వెంట తిరుగుతూ తూముల షట్టర్లు ఎత్తడం, దించడం చూసుకునే ఇరిగేషన్ మనిషిని మా వైపు లస్కరు అంటారు.

"ఆ మాటే రాయండి. సిబ్బంది ఎందుకు, చే ఎందుకు?"

ఆయన నా ముందే కాగితం మీద రాసిచ్చారు. "ఇంజనీరు గారు నీళ్లు వదలవద్దని ఆదేశించారు. లస్కరు శివారు తూము తెరిచాడు."

చదివి ఇంకో గొడవ మొదలుపెట్టాను. తెలుగులో ఉన్న చిక్కే ఇది. పని ఎవరు చేశారో చెప్పగానే ఆ మనిషికి ఎంత మర్యాద ఇస్తున్నామో కూడా చెప్పేయాలి. తప్పించుకోవడానికి లేదు. తెరిచాడా, తెరిచారా? "బడు" పెడితే రెండు బాధలూ ఉండవు, అందుకే దాన్ని పట్టుకుని వేలాడతారు.

"ఇంజనీరుకేమో 'రు' వచ్చింది. లస్కరు దగ్గరికి వచ్చేసరికి 'డు' అయిపోయిందేం? జీతం తక్కువనా?" అన్నాను. ఇలాంటి చోట నాకు గొంతు లేస్తుంది. "మీరు శివారు మనుషుల కోసం రాస్తున్నానన్నారు. వాళ్లు చదివితే ఏమనుకుంటారు?"

మాస్టారు తను రాసిన కాగితాన్ని తన వైపు తిప్పుకున్నారు. తర్వాత మెల్లగా అన్నారు.

"మా ఇంట్లో అలాగే అంటామండి."

"మీ ఇంట్లో అనేదేంటి?"

"నాన్న వచ్చాడు, నాన్న తిన్నాడు అనే అంటాం. 'రు' పెడితే వేరే ఎవరి గురించో చెప్తున్నట్టుంటది." ఆయన కాగితం మీద వేలు పెట్టారు. "ఆ లస్కరు మా నాన్నండి."

నేను ఇచ్చిన ఉపన్యాసం గదిలో ఇంకా వేలాడుతోంది. వెనక్కి తీసుకునే వీలు లేదు. టీ పెట్టుకొస్తానని వంటింట్లోకి వెళ్లాను.

తిరిగొచ్చాక ఆయనే చెప్పారు. పరిశోధన చేసేటప్పుడు గైడు గారితో ఈ సంగతి అంటే, సొంత తండ్రి విషయం రాస్తే దాన్ని రీసెర్చి అనరు, తీసేయమన్నారట. తీసేయలేక, ఇరిగేషన్ ఆఫీసు రికార్డులో దొరికిన "తెరవబడినది" దగ్గరే ఆగారు. కాలేజీ స్టాఫ్‌రూములో ఎవరైనా అడిగితే "నాన్న ఇరిగేషన్లో చేశారు" అని చెప్తారట. "అబద్ధం కాదు కదండీ" అన్నారు. నిజానికి అక్కడ 'రు' పెడతారన్నమాట, నేను గమనించాను గానీ పైకి అనలేదు.

"మాస్టారూ, ఒకే ఒక్క మాట మార్చండి," అన్నాను. "లస్కరు అన్నచోట 'మా నాన్న' అని పెట్టండి. 'డు' అలాగే ఉంచండి."

ఆయన రాశారు. "ఇంజనీరు గారు నీళ్లు వదలవద్దన్నారు. మా నాన్న శివారు తూము తెరిచాడు." మేమిద్దరం ఆ రెండు వాక్యాలను మళ్లీ మళ్లీ చదివాం. ఇంత చదువుకున్న మనిషి అంత పరిశోధనా ఎందుకు చేశాడో ఆ రెండో వాక్యంలో ఉంది. నాకు మనసులో చాలా గర్వంగా అనిపించింది. విజయవాడ ఫోను చేసి చెబితే మా ప్రచురణకర్త గారు నాకంటే ఎక్కువ ఎగిరారు. వెనక అట్ట మీద అదే వేద్దాం అన్నారు.

కానీ నా పద్ధతిలో ఇంకొకటి ఉంది. పుస్తకంలో బతికున్న మనిషి కనిపిస్తే, అచ్చుకు ముందు ఆ పేజీ ఆ మనిషికి చదివి వినిపించాలి. ఒప్పుకుంటేనే అచ్చు. మాస్టారి తండ్రికి ఎనభై దాటాయి, ఊళ్లోనే ఉంటున్నారు. వెళ్దామన్నాను. అది పెద్ద లాంఛనమేమీ కాదని, పనిలో పనిగా పాలకాయతిప్ప వెళ్లి సముద్రం కూడా చూసి రావచ్చని అనుకున్నాను.

మాస్టారు గుడివాడ నుంచి మొవ్వ మీదుగా, నేను బందరు నుంచి వచ్చి చల్లపల్లి బస్టాండులో కలుసుకున్నాం. అక్కడి నుంచి అవనిగడ్డ, కోడూరు. దారిపొడవునా మాస్టారు కిటికీలోంచి తూములు చూపిస్తూ ఏది ఏ కాలువదో చెబుతూనే ఉన్నారు. మా ముందుగదిలో చూసిన మనిషి కాదు. మాట కూడా మారిపోయింది, "వచ్చిద్ది", "పోద్ది" అంటున్నారు.

పెద్దాయన వసారాలో కూర్చుని మా కోసం చూస్తున్నారు. తెల్ల చొక్కా వేసుకున్నారు, మేం వస్తున్నామనే కాబోలు. చూపు బాగా తగ్గింది గానీ గొంతు గట్టిగా ఉంది. గోడ మీద బైబిలు వాక్యం ఉన్న చర్చి క్యాలెండరు, దాని కింద ఒక బల్ల. భోజనం పెట్టకుండా మాట్లాడనివ్వలేదు. తిన్నాక మాస్టారు కాగితాలు తీసి చదివారు. పెద్దాయన కళ్లు మూసుకుని విన్నారు. వంతుల దగ్గర తలూపారు. వరి పొట్ట మీద ఉందన్నచోట "ఔను, అద్దంకాడికి ఎండింది" అన్నారు. అద్దంకాడు అనేది వాళ్ల శివారు పొలాల్లో ఒక ముక్క పేరట, చెక్క అంటారు వాళ్లు. మాస్టారు ఇంకా చదివారు. "మా నాన్న శివారు తూము తెరిచాడు."

పెద్దాయన కళ్లు తెరిచారు.

"ఆ ముక్క తీసెయ్."

"ఏ ముక్క నాన్నా?"

"నేను తెరిచానన్న ముక్క. రాయమాక."

మాస్టారు నవ్వేశారు. "ఊరందరికీ తెలిసిందేగా."

"తెలిస్తే తెలియనీ. అచ్చులో వద్దు."

పింఛను గురించి భయపడుతున్నారనుకున్నాను. ఇన్నేళ్లయ్యాక ఎవరూ ఏమీ చేయలేరని నేనే చెప్పబోయాను. ఆయన నా వైపు తిరిగారు.

"అది కాదమ్మా. మీరు పెద్దవాళ్లు, చెప్తాను, ఇనండి. మర్నాడు పొద్దున్నే ఎగువ రైతులు ఇంజనీరు గారిని వెంటబెట్టుకొచ్చారు. గట్టు మీద అందరూ నిలబడ్డారు. 'ఎవరయ్యా తెరిచింది?' అన్నారాయన. 'నాకు తెలీదండి, నేనొచ్చేసరికే తెరుచుకునుంది' అన్నాను. షట్టరు తిప్పే హ్యాండిలు నా చేతిలోనే ఉంది. అదొక్కటే ఉంటది, ఊరికి ఇంకోటి ఉండదు. ఆయన హ్యాండిలు చూశారు, నన్ను చూశారు. ఎండిన పొలాల వైపు చూశారు. కాయితం తీసి రాసి, ఎగువ రైతులకి చదివి వినిపించారు. 'శివారు తూము అనధికారికంగా తెరవబడినది. రాశాను. చాలా?' అన్నారు. గవర్నమెంటు మాట కదా, దిట్టంగా ఉంది. చాలండి అని ఎల్లిపోయారు వాళ్లు. తర్వాత నన్ను పక్కకి పిలిచి ఒకటే అన్నారు. 'ఆ మాట అలా ఉన్నంతకాలం నీకేం కాదు. దాన్ని కదపకు' అన్నారు."

పెద్దాయన కొడుకు వైపు చెయ్యి చూపించారు.

"ఆయన పోయారమ్మా. నేనా ఉద్యోగంతోనే ఈణ్ణి చదివించాను. ఇప్పుడు ఈడే నాన్న తెరిచాడని అచ్చేస్తే, ఆయన దొంగరాత రాసినట్టు అవ్వదా? నా కోసం రాసిన మాట అది. మీరొచ్చి తీసేత్తానంటే ఎట్టా?"

జీవితమంతా ఆ "బడు"ను పిరికితనం అనీ, బద్ధకం అనీ తిట్టాను. ఎవరో ఒక ఇంజనీరు, నాకు ముఖం కూడా తెలియని మనిషి, తెలిసే దాన్ని వాడారు. ఎవరు అన్న ప్రశ్నకు జవాబు ఎదురుగా హ్యాండిలు పట్టుకుని నిలబడి ఉంటే, ఆ జవాబు కనబడకుండా అడ్డం పెట్టారు. మొదట నాకు చిరాకు కలిగింది, నా పద్ధతి అంతా పక్కకు ఒరిగిపోయినట్టు. ఆ తర్వాత ఆ ఇంజనీరు మీద గౌరవం కలిగింది. సముద్రం చూడకుండానే తిరుగుబస్సు ఎక్కాం.

బస్సులో మాస్టారు కోడూరు దాటేదాకా ఆ కాగితాలే మళ్లీ చదువుకుంటూ కూర్చున్నారు. అవనిగడ్డ వస్తోందనగా అన్నారు.

"మేడం, మా నాన్న జన్మలో చేసిన పెద్దపని అదొక్కటే. ఈ పుస్తకం రాసిందే ఆ ఒక్క వాక్యం కోసం. మీరు చెప్పేదాకా నాకూ తెలీలేదు."

"తెలుసు మాస్టారూ."

"ఆయనకి కళ్లు కనబడవు. వేసేద్దామా? ఆయన చదవలేడుగా."

ఆ మాట ఆయన నోట వస్తుందని నేను అనుకోలేదు. కానీ అంత బాధలో ఉన్న మనిషి ఏ మాటైనా అంటాడు. "ఆయన చదవలేరు. ఊరంతా చదివి వినిపిస్తుంది. మీ కోరిక అదేగా?" అన్నాను. ఆయన కిటికీ వైపు తిరిగారు. అవనిగడ్డలో దిగి మంచినీళ్లు తాగాం. ఆయన ముఖం కడుక్కుని వచ్చి, "పోనీ ఆ సంగతే ఎత్తేద్దాం" అన్నారు. అది ఎత్తేస్తే అధ్యాయమే లేదు. 'ఒక లస్కరు' అని రాద్దామంటే ఆ కాలువకి ఉన్నదే ఒక లస్కరు, పేరు రాసినట్టే. అన్నీ తిరగేసి చూసి చివరికి మేం వచ్చిన చోటికే వచ్చాం. "శివారు తూము తెరవబడింది." అనధికారికంగా అన్న మాట ఒక్కటి తీయించాను, అది లేకపోయినా ఎవరికీ నష్టం లేదు.

వెనక అట్ట కోసం ఎదురుచూస్తున్న మా ప్రచురణకర్త గారికి కారణం చెప్పలేదు. ఆయన నా మీద చాలా రోజులు అలిగారు. పెడన ఆయన చివరి ప్రూఫు చూసి ఫోను చేశారు.

"మేడం, నాలుగో అధ్యాయంలో ఒకటి మిగిలిపోయింది. ఎగరగొట్టేయనా?"

"ఉండనివ్వండి."

"మీకు ఒంట్లో బాగానే ఉందా?"

పుస్తకం వచ్చాక ఒక పత్రికలో సమీక్ష రాసినాయన కూడా పుస్తకమంతా చక్కటి వాడుక భాషలో ఉందని మెచ్చుకుని, ఒక్కచోట మాత్రం ఎడిటరు కునుకు తీశారని వెక్కిరించారు. నేను దానికి జవాబు రాయలేదు. రెండో ముద్రణలోనూ ఆ వాక్యం అలాగే ఉంది. చదివినవాళ్లెవరైనా నన్ను అడిగితే ప్రింటింగు పొరపాటని చెప్పేదాన్ని.

గుడివాడ కాలేజీలో ఆవిష్కరణ సభ జరిగింది. పుస్తకం గురించి తప్ప మిగతా అన్ని విషయాల గురించీ పెద్దలు మాట్లాడారు. అది చెప్పుకోదగింది కాదు. చెప్పుకోవాల్సింది ఊళ్లో జరిగింది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి ముందు షామియానా వేసి మైకు పెట్టారు. చర్చికి వచ్చినవాళ్లే కాదు, శివారు రైతులందరూ వచ్చారు. పెద్దాయన ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు, అదే తెల్ల చొక్కా. నాకు పక్కన కుర్చీ వేశారు.

ఏ అధ్యాయం చదవాలో మాస్టారిని ఎవరూ అడగక్కర్లేదు. వంతులు, ఎండిన చెక్కలు, పొట్ట మీద వరి, అన్నీ చదువుతుంటే జనం పొలాల పేర్లు అందిస్తున్నారు. మాస్టారు వాళ్ల కోసం ఆగి ఆగి చదువుతున్నారు. ఆ వాక్యం వచ్చింది.

"శివారు తూము తెరవబడింది."

"ఏంటేంటి? మళ్లీ చదువు," అంది ఒక గొంతు. వెనక వరసలోంచి ఒక ముసలావిడ లేచి నిలబడ్డారు. శివారున ఎకరం పొలం ఉన్నావిడట, భర్త పోయాక తనే చేసుకుంటూ వచ్చారట.

మాస్టారు మళ్లీ చదివారు.

"తెరవబడటం ఏంట్రా? ఎవరు తెరిచారు?"

నేను నా ఒళ్లో ఉన్న పుస్తకం వైపు చూస్తూ కూర్చున్నాను. ఇన్నేళ్లూ నేను ఎర్ర పెన్నుతో అడిగిన మాట ఆవిడ చేతులూపుతూ అడిగారు. "గాలికి తెరుచుకుందేమోలే అత్తా" అన్నారు ఎవరో. అందరూ నవ్వారు. అందరికీ తెలుసు. పెద్దాయన మాత్రం కుర్చీలో నేల చూపులు చూస్తున్నారు. మాస్టారు మైకు దగ్గర నోరు తెరవలేదు, తండ్రి వైపు కూడా చూడలేదు.

"గాలికెందుకు తెరుచుకుంటది," అన్నారావిడ. చర్చిలో సాక్ష్యం చెప్పేటప్పటి గొంతు అది. "ఆ ఏడు పిల్లల్ని పక్కన పెట్టుకుని గట్టు మీద మోకరించాను. ఈ చేను పోతే మేం పోయినట్టే ప్రభువా అన్నాను. తెల్లారి చూస్తే నీళ్లు. దేవుడే తెరిచాడు. బాబూ, అట్టా రాసుకో. దేవుడే తెరిచాడని రాయి."

"స్తోత్రం," అన్నారు పాస్టరు గారు. జనమంతా స్తోత్రం అన్నారు.

ఆవిడ నిజంగా నమ్మి అన్నారో, పెద్దాయన్ని కదిలించడానికే అన్నారో నాకు ఇప్పటికీ తెలియదు. పెద్దాయన కుర్చీలో అటూ ఇటూ మెదిలారు. ముందు కుర్చీ చేతులు పట్టుకుని, తర్వాత నా భుజం ఆసరా చేసుకుని లేచి నిలబడ్డారు. వెనక్కి తిరిగి, ఆవిడ ఎక్కడున్నారో సరిగా కనబడక గొంతు వచ్చిన వైపు చూస్తూ మాట్లాడారు.

"దేవుడి మీదకి నెట్టమాకమ్మా, పాపం తగులుద్ది. నేనే తెరిచాను."

షామియానా కింద ఎవరూ నవ్వలేదు. స్తోత్రం కూడా అనలేదు. ఆయన కాసేపు అలాగే నిలబడి, ఇంకేమైనా చెప్పాలా అన్నట్టు చూసి, కూర్చున్నారు. మాస్టారు మైకు ముందు నుంచి నా వైపు చూశారు. చదవండి అని నేను సైగ చేశాను. ఆయన పుస్తకం దగ్గరగా పెట్టుకుని తర్వాతి వాక్యం వెతుక్కున్నారు.

"నీళ్లు శివారుకు చేరాయి," అని చదివారు. అంత చిన్న వాక్యం పూర్తి చేయడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.